ఎరుపంటే ఫెయిల్ కాదు: ఎఫ్ఈఎం ప్లాట్ల మీద అపోహలు - వాస్తవాలు

ప్రాజెక్ట్ సీజన్ వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడప కాలేజీ పిల్లల రిపోర్టులు వరసగా వస్తుంటాయి, బ్రాకెట్ అనాలిసిస్, షాఫ్ట్ అనాలిసిస్, సోలార్ స్టాండ్ అనాలిసిస్, అన్నిట్లో ఎఫ్ఈఎం (ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్, అంటే పార్టుని చిన్న ముక్కలు చేసి, బరువు పడితే ఎంత వంగుతుందో, లోపల ఎంత స్ట్రెస్ వస్తుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే పద్ధతి) ఇచ్చే రంగురంగుల బొమ్మలే, వాటినే ప్లాట్లంటాం. మోడల్ గీసి, మెష్ చేసి (ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి), రాత్రిళ్లు కూర్చుని రన్ చేసిన కష్టమంతా చివర్లో ఆ బొమ్మ చదివే దగ్గర పోతోంది. పిల్లలు తెలివైనోళ్లే, ప్లాట్ ఎట్లా చదవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పట్లేదు, అదే బాధ. ఎక్కువగా వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: ఎర్రగా ఉన్నచోట విరిగిపోతుంది

ఎరుపంటే ఆ మోడల్ మొత్తంలో పెద్ద స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) వాల్యూ అక్కడుందని, అంతే. మ్యాక్సిమం 5 ఎంపీఏ (మెగాపాస్కల్, స్ట్రెస్ కొలత) ఉన్నా సాఫ్ట్‌వేర్ దానికి ఎరుపే వేస్తుంది, 500 ఉన్నా ఎరుపే వేస్తుంది. యీల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 250 ఉండే మైల్డ్ స్టీల్‌కి మొదటిది లెక్కలోకే రాదు, రెండోది ఎప్పుడో దాటిపోయింది, బొమ్మలు మాత్రం రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. ఓర్వకల్లు సోలార్ పార్కులో కనిపించే లాంటి ప్యానెల్ స్టాండుకి రెండు డిజైన్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇంకా ప్రమాదం, ఎందుకంటే లెజెండ్ (ఏ రంగుకి ఏ వాల్యూనో చూపే పట్టీ) ఆటోలో వదిలేస్తే ఒక్కో బొమ్మకి ఒక్కో కొలత, ఇంక పోలికెక్కడిది? రెండింటికీ కింద సున్నా, పైన యీల్డ్ అని ఒకే రేంజ్ పెట్టండి, యీల్డ్ దాటిన భాగం బూడిద రంగులో వచ్చేలా పెట్టండి. అప్పుడు ఎక్కడ భయపడాలో చూడగానే తెలుస్తుంది.

అపోహ: బొమ్మలో అంత వంగిందంటే నిజంగా అంత వంగుతుంది

చాలా సాఫ్ట్‌వేర్లు కంటికి కనపడాలని, పార్టు కదిలిన దూరం, అంటే డిస్‌ప్లేస్‌మెంట్‌ని వాటంతట అవే పెద్దది చేసి చూపిస్తాయి. 0.3 మిల్లీమీటర్లు కదిలింది 200 రెట్లు పెంచితే 60 మిల్లీమీటర్లు కదిలినట్టు ఉంటుంది. స్కేల్ ఎంతో బొమ్మ కిందే రాయండి. రిజల్టుల్ని బొమ్మలుగా చూపే పారావ్యూ సాఫ్ట్‌వేర్‌లో అయితే వార్ప్ బై వెక్టర్ అనే ఫిల్టర్ పెట్టినప్పుడు ఆ స్కేల్ ఫ్యాక్టర్ మీ చేతిలోనే ఉంటుంది. ఇంకో సంగతి, లీనియర్ అనాలిసిస్‌లో (కదలికలు చాలా చిన్నవనుకుని చేసే లెక్కలో) బాగా తిరిగిన భాగాన్ని అట్లా పెంచి గీస్తే అది ఉబ్బినట్టు కనిపిస్తుంది, ఒకదానికొకటి తగలని పార్టులు కూడా దూరిపోయినట్టు కనిపిస్తాయి, అదంతా గీతలో వచ్చిందే, లోహంలో జరిగింది కాదు. అట్లని పెంచి చూడడం తప్పని కాదు. ఫిక్స్ చేశామనుకున్న చివర కదులుతోందా, లోడ్ తిరగబడిందా అనేది అట్లా చూస్తేనే పట్టుబడుతుంది. మెష్ గీతలు కూడా ఆన్ చేసి చూడండి, రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్ ఎలిమెంట్లు (లోపల తక్కువ పాయింట్ల దగ్గరే లెక్కకట్టేవి) వంకరటింకరగా అడ్డదిడ్డంగా పోయుంటే అది అవర్‌గ్లాసింగ్, అంటే నిజంగా లేని వంకర, కలర్ ప్లాట్‌లో అది అస్సలు కనపడకపోవచ్చు.

అపోహ: వాన్ మీసెస్ ప్లాట్ ఒక్కటి పెడితే చాలు

వాన్ మీసెస్ అంటే ఒక చోట అన్ని దిశల్లో ఉన్న స్ట్రెస్‌లని కలిపి ఒకే నంబర్‌గా చెప్పేది. ఇది మన కడప బండతోనే చూద్దాం. 1.2 మీటర్ల స్పాన్, 600 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మందం ఉన్న బండ రెండు గోడల మీద ఆనించి ఉంది, మధ్యలో వెడల్పంతా పరిచినట్టు 1000 న్యూటన్లు, అంటే సుమారు వంద కిలోల బరువు. బెండింగ్ మొమెంట్ (వంచే ప్రభావం) 300 న్యూటన్ మీటర్లు, సెక్షన్ మాడ్యులస్ (వెడల్పు, మందాన్ని బట్టి వచ్చే కొలత) 90,000 ఘనపు మిల్లీమీటర్లు, స్ట్రెస్ 3.33 ఎంపీఏ. పైన కంప్రెషన్ (నొక్కుడు) 3.33, అడుగున టెన్షన్ (లాగుడు) 3.33. ఇప్పుడు వాన్ మీసెస్ గీస్తే పైనా కిందా ఒకే రంగు, ఎందుకంటే ఆ వాల్యూకి ప్లస్సు మైనస్సు ఉండదు, ఎప్పుడూ పాజిటివే. కానీ రాయి నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది, లాగితే తట్టుకోదు, బండ ఎప్పుడూ అడుగు నుంచే పగులుతుంది, ఇంట్లో బండ వేయించుకున్న ఎవరినడిగినా చెప్తారు. ఆ ముఖ్యమైన విషయమే ప్లాట్‌లో లేకుండా పోయింది! రాయి, కాంక్రీటు, పోత ఇనుము లాంటి వాటికి మ్యాక్సిమం ప్రిన్సిపల్ స్ట్రెస్ (ఆ చోట ఏ దిశలోనైనా వచ్చే అతిపెద్ద లాగుడు) గీయండి. వాన్ మీసెస్ స్టీలు, అల్యూమినియం లాంటి సాగే లోహాల యీల్డింగ్ కోసం, దాని పని అది.

అపోహ: రంగులు నున్నగా కలిసిపోయాయంటే రిజల్ట్ కరెక్ట్

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఇక్కడే అందరూ మోసపోయేది. డిస్‌ప్లేస్‌మెంట్ నోడ్ల (ఎలిమెంట్లు కలిసే పాయింట్ల) దగ్గర దొరుకుతుంది, స్ట్రెస్ మాత్రం ఎలిమెంట్ లోపల గాస్ పాయింట్లనే కొన్ని చోట్ల దగ్గర లెక్కకట్టి అక్కడి నుంచి నోడ్లకి సాగదీస్తారు. ఒక నోడ్‌ని నాలుగు ఎలిమెంట్లు పంచుకుంటుంటే ఆ నోడ్‌కి నాలుగు వేర్వేరు స్ట్రెస్‌లు వస్తాయి. ఉదాహరణకి 118, 131, 176, 183 అనుకుందాం. సాఫ్ట్‌వేర్ యావరేజ్ చేసి 152 అని నున్నటి రంగు వేస్తుంది. 65 ఎంపీఏ తేడా ఉన్న సంగతి ఎవరికీ తెలీదు, 183 కూడా మాయం. అందుకే ముందు యావరేజ్ ఆపేసి గీయండి, ముక్కలు ముక్కలుగా అతుకుల్లా వస్తుంది, చూడ్డానికి బాగుండదు, కానీ ఎక్కడ పక్కపక్క ఎలిమెంట్ల మధ్య రంగు ఎగిరి దూకుతోందో అక్కడే మెష్ చాల్లేదని అర్థం. 1987లో జింకివిచ్, ఝూ అనే పరిశోధకులు చెప్పిన ఎర్రర్ ఎస్టిమేటర్ (రిజల్ట్‌లో తప్పు ఎంతో అంచనా వేసే పద్ధతి) కూడా ఈ తేడా మీదే నడుస్తుంది. స్టీలు, అల్యూమినియం అతికిన చోట అయితే స్ట్రెస్ నిజంగానే దూకొచ్చు, అక్కడ రెండు మెటీరియల్స్ కలిపి యావరేజ్ చేస్తే ఉన్న నిజం కూడా చెరిగిపోతుంది.

డిస్‌ప్లేస్‌మెంట్ ప్లాట్ బాగుంది కదా అని స్ట్రెస్‌ని నమ్మొద్దు, స్ట్రెస్ దానికన్నా నిదానంగా కన్వర్జ్ అవుతుంది (అసలు జవాబు దగ్గరికి చేరుతుంది).

అపోహ: రెయిన్‌బో రంగులే స్టాండర్డ్

అలవాటు, అంతే. పసుపు పట్టీ దగ్గర లేని అంచు ఉన్నట్టు కనిపిస్తుంది, బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీస్తే నీలం, ఎరుపు రెండూ ముదురుగానే వస్తాయి. ప్లాట్లు గీసే సాఫ్ట్‌వేర్లలో మ్యాట్‌లాబ్ 2014లో, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో జెట్ అనే ఈ రెయిన్‌బో రంగుల వరసని డిఫాల్ట్ నుంచి తీసేశాయి. విరిడిస్ (ముదురు ఊదా నుంచి పసుపు దాకా క్రమంగా వెలుగు పెరిగే రంగుల వరస) వాడండి.

అపోహ: మెష్ చిన్నది చేసే కొద్దీ మ్యాక్సిమం స్ట్రెస్ నిజానికి దగ్గరవుతుంది

ఎల్ ఆకారం బ్రాకెట్‌లో లోపలి మూల షార్ప్‌గా 90 డిగ్రీలు గీసి ఉంటే అక్కడ ఎలాస్టిక్ థియరీ ప్రకారం స్ట్రెస్ అనంతం. ఎలిమెంట్ సైజు సగం చేసిన ప్రతిసారీ అక్కడి పీక్ సుమారు 37 శాతం పెరుగుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. ఆ నంబర్ తీసుకుని సేఫ్టీ ఫ్యాక్టర్ లెక్కేయకండి. నిజం పార్టులో ఉండే ఫిల్లెట్ (గుండ్రం చేసిన మూల) మోడల్‌లో పెట్టండి, లేదంటే మూల నుంచి కొంచెం దూరంగా పాత్ (వాల్యూలు చదివే గీత) గీసి చూడండి. పాయింట్ లోడ్ కిందా ఇదే కథ.

రంధ్రం ఉన్న ప్లేటు అట్లా కాదు, దానికి జవాబు ఉంది, 1898లోనే కిర్ష్ అనే ఇంజనీర్ లెక్కకట్టాడు. వెడల్పు రంధ్రానికి పది రెట్లు ఉండే ప్లేటుని ఒకవైపుకి లాగి, రంధ్రం అంచు వెంబడి పాత్ పెట్టి, అంచు వెంబడి పోయే స్ట్రెస్‌ని లాగిన స్ట్రెస్‌తో భాగించి గీయండి. లాగే దిశలో మైనస్ 1, అక్కడి నుంచి 30 డిగ్రీల దగ్గర సున్నా, 90 దగ్గర 3, వెడల్పు అనంతం కాదు కాబట్టి అటూఇటుగా వస్తాయి. అదే పాత్ మీద వాన్ మీసెస్ కూడా గీస్తే మైనస్ 1 కాస్తా ప్లస్ 1 అయి కూర్చుంటుంది. 90 దగ్గర 2.4 దాకా వచ్చి ఆగిందంటే అంచు చుట్టూ ఇంకా ఎలిమెంట్లు వేసి మళ్లీ రన్ చేయండి.