ఓటీ వదలని డాక్టర్లు, ల్యాబ్ పిలిచే ప్రశ్నలు: అనస్థీషియాలో పరిశోధన శిక్షణ వెనక కథ

అమెరికాలో అనస్థీషియా రెసిడెన్సీ, అంటే ఎంబీబీఎస్ లాంటి చదువు తర్వాత ఆసుపత్రిలో పనిచేస్తూ చేసే స్పెషలిస్టు శిక్షణ, నాలుగేళ్లు. మొదటి ఏడాది మెడిసిన్, సర్జరీ, ఐసీయూల్లో గడుస్తుంది. మిగతా మూడేళ్లూ మత్తు పనే. ఇప్పుడు అక్కడి కొన్ని యూనివర్సిటీ ఆసుపత్రులు దీనికే ఇంకో దారి కలిపాయి. ప్రవేశం అప్పుడే కొద్దిమందిని పరిశోధన ట్రాక్‌లోకి తీసుకుని, శిక్షణను ఐదేళ్లకో ఇంకా పైకో పొడిగించి, కొన్ని నెలల పాటు వాళ్లను ఓటీ (ఆపరేషన్ థియేటర్) డ్యూటీల జాబితాలోంచి తీసేస్తాయి. చెప్పడానికి చిన్న ఏర్పాటే. కానీ ఇది ఎందుకు అవసరమైందో తెలియాలంటే చాలా వెనక్కి, ముందుగా హైదరాబాద్‌కే రావాలి.

1880ల చివర్లో క్లోరోఫాం అనే మత్తుమందు మీద పెద్ద తగాదా నడిచింది. మత్తులో పోయిన రోగికి ముందు ఆగింది ఊపిరా, గుండెనా? హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదివినవాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదని అక్కడి గురువులు నూరిపోసిన మాటే ఆయనకు వేదం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ వేశారు. లండన్ పత్రిక లాన్సెట్ దాన్ని నమ్మలేదు. దాంతో నిజామే ఖర్చు పెట్టుకుని ఇంగ్లండ్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న శాస్త్రవేత్తను రప్పించాడు. 1889లో రెండో కమిషన్ కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసింది. తేల్చింది మాత్రం లారీ ముందునుంచీ అంటున్నదే: ముందు ఆగేది ఊపిరి.

అది తప్పని లండన్‌లో గుడ్‌మన్ లెవీ 1911లో చూపించాడు. కమిషన్ జంతువులకు క్లోరోఫాం మోతాదు మించి ఇచ్చింది. అలా ఇస్తే ముందు ఊపిరే ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆసుపత్రుల్లో చాలామంది రోగులు పోయింది మత్తు సరిగా ఎక్కకముందే, భయంతో గింజుకుంటున్నప్పుడు. పలచటి క్లోరోఫాంకు, భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి వణికి ఆగిపోతుందని లెవీ పిల్లుల్లో తేల్చాడు. హైదరాబాద్‌లో జంతువుల లెక్కకు లోటు లేదు, డబ్బుకూ లేదు. ప్రశ్న దగ్గరే బండి దారి తప్పింది. ఓటీలో చేయి తిరిగినంత మాత్రాన ప్రయోగం రూపొందించడం వచ్చినట్టు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు.

ఆ రోజుల్లోనే ఆ స్కూల్లో చదువుకున్న పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్థటిస్టుల్లో ఆమెను లెక్కిస్తారు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేశాక, 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. మత్తు డాక్టర్‌కు వాయువుల శాస్త్రం కావాలని అప్పటికింకా ఏ కోర్సూ చెప్పలేదు. ఆమెకు ఆమే దారి వెతుక్కుంది.

మత్తు పనినీ ల్యాబ్ శాస్త్రాన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చినవాడు రాల్ఫ్ వాటర్స్. 1927లో అమెరికాలోని మాడిసన్‌లో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో చేరాడు. అనస్థీషియాలో తొలి అకడమిక్ రెసిడెన్సీ అక్కడిదే. ఫార్మకాలజీ విభాగంతో చేతులు కలిపి, రెసిడెంట్లను ఓటీతో పాటు ల్యాబ్‌కీ పంపాడు. ప్రతి కేసుకూ రికార్డు రాయించాడు. వారం వారం అందరూ కూర్చుని జరిగిన పొరపాట్లు మాట్లాడుకునేవారు. సైక్లోప్రొపేన్ అనే వాయువుకు మత్తు గుణం ఉందని 1929లో టొరంటో వాళ్లు కనుక్కున్నా, దాన్ని రోగుల దాకా తెచ్చింది వాటర్స్ బృందమే. అంటే ఈ రెంటినీ కలపడం ఇవాళ పుట్టిన ఆలోచనేమీ కాదు. కలిసే పుట్టాయి, తర్వాత విడిపోయాయి.

విడిపోకముందు కాలం ఎంత ఫలం ఇచ్చిందో జాన్ సెవరింగ్‌హాస్ కథలో కనబడుతుంది. భౌతికశాస్త్రం చదివి, రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల మీద పనిచేసి, తర్వాత మెడిసిన్‌లోకి వచ్చిన మనిషి. అనస్థీషియా శిక్షణ పూర్తికాకముందే డాక్టర్లకూ వర్తించే సైనిక డ్రాఫ్ట్, అంటే నిర్బంధ సైనిక సేవకు పిలుపు, వచ్చిపడింది. యుద్ధానికి బదులు బెథెస్డాలోని ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) పరిశోధనశాలలో సేవ చేసే వీలు దొరికింది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో నేరుగా కొలవడానికి రిచర్డ్ స్టో ఒక ఎలక్ట్రోడ్ చేశాడు. ఆమ్లతను కొలిచే పీహెచ్ ఎలక్ట్రోడ్ మీద డిస్టిల్డ్ వాటర్, దాని మీద రబ్బరు పొర. ఆలోచన బాగుంది, రీడింగే నిలవదు. సెవరింగ్‌హాస్ ఆ నీటిలో కొంచెం బైకార్బొనేట్, ఉప్పు కలిపాడు, నిలిచింది. 1950ల చివరికి అది ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌తో కలిసి బ్లడ్ గ్యాస్ యంత్రమైంది. ఇవాళ ఐసీయూలో ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) పంపండి అన్న ప్రతిసారీ వాడేది ఆ వంశంలో యంత్రాన్నే. రోగికి ఊపిరి సరిపోతోందా అని తల పట్టుకున్న మత్తు డాక్టర్‌కే ఆ అవసరం తెలుస్తుంది, ఎలక్ట్రోడ్ తెలిసినవాడికే ఆ చిటికెడు బైకార్బొనేట్ తడుతుంది. ఇద్దరూ ఒకే మనిషి కావడం ఆ పని తొందరగా అయ్యేలా చేసింది.

తర్వాత ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. 1960లలో టెడ్ ఈగర్ బృందం అక్కడే మ్యాక్ అనే కొలత తెచ్చింది. చర్మం కోసినప్పుడు సగంమంది రోగులు కదలకుండా ఉండే గాఢత అన్నమాట. 1964లో అమెరికా ప్రభుత్వం ఎండీ, పీహెచ్‌డీ కలిపి చదివించే పథకం కూడా మొదలుపెట్టింది.

ఆపైన దిగజారుడు. 1973లో డ్రాఫ్ట్ ఆగింది, ఎన్ఐహెచ్ వైపు కుర్ర డాక్టర్లను నెట్టే గాలి కూడా దాంతోనే ఆగింది. 1979లో జేమ్స్ విన్‌గార్డెన్ అనే అమెరికన్ డాక్టర్ పరిశోధక డాక్టర్‌ను అంతరించిపోతున్న జాతి అన్నాడు. ఆయన అన్నది అన్ని విభాగాల గురించీ. అనస్థీషియాకు మాత్రం అదనపు చిక్కు ఒకటుంది. మెడిసిన్ రెసిడెంట్ రౌండ్స్‌కీ రౌండ్స్‌కీ మధ్య ఒక గంట డేటా చూసుకోగలడు. మత్తు ఇచ్చినవాడు రోగి తలగడ దగ్గర నుంచి కదలలేడు. ఎవరైనా సెలవు పెడితే ఆ ఓటీ మూసెయ్యరు, ల్యాబ్‌లో ఉన్నవాణ్ణి పిలుస్తారు. విభాగానికి ఆదాయం కేసుల నుంచే, రెసిడెంట్లే పనిచేసే చేతులు. ప్రైవేట్ ప్రాక్టీస్ జీతం ముందు ల్యాబ్ జీతం తేలిపోతుంది. 1990ల మధ్యలో ఉద్యోగాలు ఉండవన్న టెన్షన్‌తో అమెరికన్ విద్యార్థులు ఈ విభాగానికి రావడమే బాగా తగ్గించేశారు. ఇక పరిశోధన మాట ఎవరెత్తుతారు? 2006లో డెబ్రా ష్విన్, జెఫ్రీ బాల్సర్ తమ విభాగం ఎన్ఐహెచ్ నిధుల్లో ఎంత వెనకబడిందో లెక్కలు తీసి మేలుకోమని రాశారు. పరిశోధన ట్రాక్‌ల గురించి గట్టి చర్చ అప్పుడు ఊపందుకుంది.

దారికి అడ్డం పడింది డబ్బు నిబంధనలు. నాలుగేళ్లలో ఆరు నెలల దాకా పరిశోధనకు అక్కడి అనస్థీషియా బోర్డు ఒప్పుకుంటుంది. ఆరు నెలల్లో ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసరికే సగం గడిచిపోతుంది. ఎన్ఐహెచ్ శిక్షణ గ్రాంటు పూర్తికాల పరిశోధనకే, రెసిడెంటుగా ఓటీలో గడిపే కాలానికి అందులోంచి జీతం ఇవ్వకూడదు. అందుకే విభాగాలు ఒక ఏడాదిని ఒక జేబులోంచి, ఇంకో ఏడాదిని ఇంకో జేబులోంచి సర్దుతూ వచ్చాయి. అనస్థీషియా చదువు, పరిశోధనల కోసం 1986లో ఏర్పడిన ఎఫ్ఏఈఆర్ ఫౌండేషన్ గ్రాంట్లు ఈ సందుల్లోనే ఆదుకున్నాయి. 2017 తర్వాత ఆర్38 పేరుతో, రెసిడెన్సీ మధ్యలోనే ఏడాది నుంచి రెండేళ్లు పరిశోధన చేసుకునేలా ఎన్ఐహెచ్ వేరే నిధి తెచ్చింది. బ్రిటన్, డాక్టర్ల పరిశోధన శిక్షణ మీద వచ్చిన 2005 వాల్‌పోర్ట్ నివేదికతో ఈ పని ఇంకా సూటిగా చేసింది. అకడమిక్ క్లినికల్ ఫెలోకు సమయంలో నాలుగో వంతు పరిశోధనకే అని ముందే రాసిపెట్టింది.

ఇక్కడ నుంచి వెళ్లిన తెలుగు డాక్టర్లకు ఇంకో గోడ ఉంది. ఈ శిక్షణ గ్రాంట్లు, ఆ తర్వాత వచ్చే కే08, కే23 లాంటి కెరీర్ అవార్డులు అమెరికా పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. జే1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్లు రెండేళ్లు ఇంటికి తిరిగి రావాలి. లేదా వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) కోసం సాధారణంగా డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పూర్తికాలం రోగుల్ని చూడాలి. పరిశోధన మీద పట్టు దొరకాల్సిన సంవత్సరాలే అవి. మనవాళ్లకు పరిశోధన మీద ఆసక్తి లేదనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ నిబంధనలే గుర్తొస్తాయి.

ఇక మన దేశంలో చూస్తే, కాగితం మీద మనం అమెరికా కంటే ముందున్నాం. ఎండీ అనస్థీషియా మూడేళ్లలో ప్రతి పీజీకీ థీసిస్ తప్పనిసరి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ నడిపే ఆన్‌లైన్ పరిశోధన కోర్సు కూడా పాసవ్వాలి. కానీ థీసిస్‌కు విడిగా సమయం ఇవ్వరు. నైట్ డ్యూటీ దిగాక మాస్టర్ చార్ట్ (థీసిస్ డేటా పట్టిక) నింపుకోవాల్సిందే. అందుకే టాపిక్‌లు ఒకే అచ్చులో ఉంటాయి: స్పైనల్‌లో (వెన్నులో ఇచ్చే మత్తులో) బ్యుపివకైన్ అనే మందుకు తోడుగా ఒక గ్రూపులో డెక్స్‌మెడెటమిడిన్ మందు, ఇంకో గ్రూపులో ఫెంటనిల్ మందు, గ్రూపుకు ముప్పై మందో నలభై మందో, ఎవరికి నొప్పి ఎంతసేపు తగ్గిందన్న లెక్క. ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది. అయినా గైడ్‌కు తెలిసిన దారి, మందులు ఓటీలోనే ఉంటాయి, గడువులోగా కేసులు దొరుకుతాయి. పైగా ప్రోటోకాల్ ఇవ్వాల్సింది మొదటి ఏడాదిలోనే. అప్పటికి ఆ పీజీ ఇంట్యుబేషన్ సరిగా నేర్చుకుంటూనే ఉంటాడు, అడగాల్సిన ప్రశ్నలు ఓటీలో ఇంకా ఎదురై ఉండవు.