ఏఐ చేత కోడ్ రాయించుకుంటున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చేవాళ్లకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టడం చాలాకాలంగా నా వృత్తి. వందల ఫైళ్ల పేర్లు మార్చడం, పలు షీట్లను ఒకటిగా కలపడం, నెలాఖరు నివేదిక తయారుచేసి పంపడం వంటివన్నమాట. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ పనిముట్టు ప్రయోగదశలో వచ్చినప్పుడు, మనం రాస్తున్న కోడ్‌కు తర్వాతి వరుసలు సూచించేది. ఇప్పుడు క్లాడ్ కోడ్, కర్సర్ వంటి ఏఐ పనిముట్లు ఫోల్డర్ మొత్తం చదువుతున్నాయి, ఫైళ్లు మారుస్తున్నాయి, ప్రోగ్రామును తామే నడిపి చూస్తున్నాయి. ఇదివరకు నాలాంటి వాళ్ల కోసం వారాల తరబడి ఎదురుచూసినవాళ్లు ఇప్పుడు తమకు కావలసింది తామే తయారుచేసుకుంటున్నారు. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించే మార్పు. అయితే ఈ పనిముట్ల చుట్టూ అల్లుకున్న కొన్ని నమ్మకాలు వాళ్ల శ్రమను వృథా చేస్తున్నాయి. కొన్ని ప్రమాదంలోకి కూడా నెడుతున్నాయి.

అపోహ: కోడింగ్ రాకపోయినా పర్వాలేదు, ఏం కావాలో ఒక్క వాక్యంలో చెబితే చాలు.

వాస్తవం: కోడింగ్ గురించిన మాట చాలావరకు నిజమే. ఒక్క వాక్యం చాలుననే మాట నిజం కాదు.

"ప్రతి నెలా వచ్చే ఖర్చుల షీట్లన్నీ కలిపి, విభాగాలవారీగా మొత్తం చూపించు" అని అడిగి చూడండి. నిమిషాల్లో పైథాన్ భాషలో ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాము, వస్తుంది, నడుస్తుంది కూడా. కానీ ఖాళీగా ఉన్న గడిని సున్నా అనుకోవాలా, వివరం ఇంకా రాలేదనుకోవాలా? 03/04 అని ఉంటే ఏప్రిల్ మూడో తేదీయా, మార్చి నాలుగో తేదీయా? ఒకే పేరును రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంటే ఆ ఇద్దరూ ఒకరేనా? వెనక్కి వచ్చిన సొమ్మును మైనస్ గుర్తుతో వేశారా, బ్రాకెట్లలో పెట్టారా? ఇవేవీ మీరు చెప్పకపోతే ఏఐ చాలాసార్లు ఆగి అడగదు. ఏదో ఒకటి ఊహించుకుని ముందుకు సాగిపోతుంది. ఆ ఊహ కోడ్ మధ్యలో ఎక్కడో కంటికి కనబడకుండా ఉండిపోతుంది.

ఈ ప్రశ్నలకు జవాబులు ప్రోగ్రామర్ దగ్గర ఉండవు. ఏళ్ల తరబడి ఆ షీట్లు నింపుతున్న మనిషి దగ్గర ఉంటాయి. అందుకే ఈ పనిలో కోడింగ్ తెలియకపోవడం కన్నా, చేయించుకునే పని లోతుగా తెలియకపోవడమే పెద్ద లోటని నా అభిప్రాయం. నా దగ్గరకు వచ్చేవాళ్లకు ముందు ఒక కాగితం తీసుకోమంటాను. ఆ పనిని చేత్తో ఎలా చేస్తారో వరుసగా రాయమంటాను. ముఖ్యంగా "ఒక్కోసారి ఇలా కూడా వస్తుంది" అనిపించే సందర్భాలన్నీ రాయమంటాను. ఆ కాగితంలోని విషయంతో పాటు ఒక నమూనా షీటు, దాని నుంచి చేత్తో తయారుచేసిన ఫలితం రెండూ ఏఐకి ఇవ్వాలి. చివర ఒక మాట చేర్చాలి: "కోడ్ రాయకముందు నీకున్న సందేహాలన్నీ అడుగు." ఈ ఒక్క వాక్యంతో తర్వాతి తలనొప్పులు సగానికి సగం తప్పుతాయి.

కోడ్ చదవకుండానే ఏఐ ఇచ్చినదాన్ని అంగీకరిస్తూ పోయే పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆంద్రే కర్పతీ "వైబ్ కోడింగ్" అని పేరు పెట్టారు. ఆ పేరు ప్రపంచమంతా పాకింది. వాడి పక్కన పడేసే వారాంతపు ప్రాజెక్టులకైతే ఇది ఫర్వాలేదని ఆయన అప్పుడే అన్నారు. ఆ షరతు మాత్రం పేరుతో పాటు ప్రయాణించలేదు.

అపోహ: ఏఐ వాడితే ఏ పనైనా వేగంగా అయిపోతుంది.

వాస్తవం: ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు ప్రయోగాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2022లో గిట్‌హబ్ జరిపిన ప్రయోగంలో 95 మంది ప్రోగ్రామర్లకు జావాస్క్రిప్ట్‌లో ఒక వెబ్ సర్వర్‌ను మొదటినుంచి రాసే పని ఇచ్చారు. కోపైలట్ వాడినవాళ్లు దాదాపు 55 శాతం తక్కువ సమయంలో ముగించారు. 2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ, అనుభవజ్ఞులైన 16 మంది ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) డెవలపర్ల చేత వాళ్లకు బాగా అలవాటైన పెద్ద ప్రాజెక్టుల్లో 246 పనులు చేయించింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. అన్నిటికన్నా ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది: పని అంతా ముగిశాక కూడా ఆ డెవలపర్లు తాము 20 శాతం వేగంగా చేశామనే నమ్మారు.

ఈ రెండింటికీ పొత్తు కుదరదని నేను అనుకోను. కొత్తది, చిన్నది, స్వతంత్రమైనది అయితే ఏఐ బలం పూర్తిగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పాత కోడ్, ఎక్కడా రాసిపెట్టని నియమాలు ఉన్న చోట అది తడబడుతుంది. సొంత అవసరానికి చేసుకునే ప్రాజెక్టు చాలావరకు మొదటి కోవకే చెందుతుంది కాబట్టి మీకు లాభం ఉండే అవకాశమే ఎక్కువ. కానీ వేగంగా అనిపించడం వేరు, గడియారం చూసి లెక్కపెట్టడం వేరు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పది నిమిషాల పని కోసం ఒక సాయంత్రమంతా ఏఐతో మాట్లాడటం నాకు సమ్మతం కాదు, నేర్చుకోవాలనే ఉద్దేశంతో చేస్తే తప్ప.

అపోహ: ఆటోమేషన్ అంటే ప్రతిసారీ ఏఐ చేత ఆ పని చేయించడం.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వాదించేది ఈ విషయం మీదే. రోజూ షీటును చాట్‌లో అతికించి "మొత్తం కూడి చెప్పు" అనడం ఒక పద్ధతి. కూడే స్క్రిప్ట్‌ను ఒకసారి రాయించుకుని, సరిచూసుకుని, రోజూ దాన్నే నడపడం మరో పద్ధతి. మొదటిదానిలో ఒకే ప్రశ్నకు రేపు వేరే జవాబు రావచ్చు, ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ సరిచూడాలి. రెండోదానిలో అదే ఇన్‌పుట్‌కు అదే ఫలితం వస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, తప్పు దొరికితే ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

ఏఐ అవసరం నిజంగా ఉండేది నియమాలకు లొంగని భాగంలో. ఫిర్యాదు ఉత్తరం చదివి అది దేని గురించో తేల్చడం, గజిబిజి వాక్యంలోంచి తేదీ, మొత్తం ఏరుకోవడం వంటివి. అక్కడ కూడా ఏఐకి ఆ ఒక్క మెట్టే అప్పగించి, మిగతాదంతా మామూలు కోడ్‌తో నడపండి. అది ఇచ్చిన జవాబు ముందుగా అనుకున్న నాలుగైదు రకాల్లో ఒకటి కాకపోతే పక్కన పెట్టి మనిషికి చూపించమని కోడ్‌లోనే రాయించండి.

అపోహ: ఎర్రర్ రాలేదంటే సరిగ్గా పనిచేసినట్టే.

వాస్తవం: ఎర్రర్ వచ్చి ఆగిపోయే ప్రోగ్రాము మీకు మేలు చేస్తోంది. ఆగకుండా తప్పు ఫలితం ఇచ్చేదే భయపెట్టేది. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి మార్చేవారు. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు, వాళ్లతో మెలిగినవాళ్లను గుర్తించే పని ఆలస్యమైంది. లోపలికి ఎన్ని వరుసలు వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అని పోల్చి చూసే చిన్న తనిఖీ ఉంటే అది మొదటిరోజే బయటపడేది.

ఏఐ రాసే కోడ్‌లో నేను పదేపదే చూసే జబ్బు ఇదే. ఎర్రర్ రాకూడదని అది ప్రతి అడుగునూ "ట్రై, ఎక్సెప్ట్"లో, అంటే తప్పు జరిగినా ఆగకుండా పట్టుకునే కోడ్‌లో, చుట్టేస్తుంది. చదవలేని వరుసను దాటేసి ముందుకు పోతుంది. అందుకే నేను మొదటే చెబుతాను: ఏ వరుసనూ మౌనంగా వదలొద్దు, అర్థం కానిది వస్తే ఆగిపో, ఏ వరుస దగ్గర ఆగావో చెప్పు. వరుసల సంఖ్య, మొత్తాల పోలిక ప్రతిసారీ ఫలితంతో పాటే అచ్చు కావాలి. టెస్టులు, అంటే కోడ్ సరైన ఫలితం ఇస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాములు, రాయించడం మంచిదే, కానీ తన కోడ్‌కు తానే టెస్టు రాసినప్పుడు ఏఐ తన ఊహలనే అందులోనూ రాస్తుంది. టెస్టు నెగ్గకపోతే కోడ్‌ను వదిలేసి టెస్టునే మార్చడం కూడా జరుగుతుంది. కనీసం కొన్ని లెక్కలు మీ చేత్తో చేసి, ఆ జవాబులను ముట్టుకోవద్దని స్పష్టంగా చెప్పండి.

అపోహ: ఇంగ్లీషులో అడిగితేనే మంచి కోడ్ వస్తుంది.

వాస్తవం: పెద్ద ఏఐ మోడళ్లకు తెలుగులో చెప్పినా అర్థమవుతుంది. అదే విషయానికి తెలుగులో టోకెన్లు (ఏఐ వచనాన్ని విడగొట్టి లెక్కించే ముక్కలు) ఎక్కువ ఖర్చవుతాయి, అంతే. తడుముకుంటూ ఇంగ్లీషులో రాసిన మూడు ముక్కల కన్నా తెలుగులో వివరంగా చెప్పిన పేరా మేలు. పనిలో పనిగా ఒక చిట్కా: తెలుగు పేర్లున్న సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన పట్టిక) ఫైలు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటే, దాన్ని "యూటీఎఫ్-8 బీఓఎం"తో భద్రపరచమని అడగండి.

అపోహ: అన్ని అనుమతులూ ఇచ్చేస్తే ఏజెంట్ తన పని తాను చూసుకుంటుంది.

వాస్తవం: ఏజెంట్, అంటే మన తరఫున తానే పనులు చేసే ఏఐ, ఫైళ్లు తొలగించగలదు, డేటాబేస్‌ను తుడిచేయగలదు, మెయిళ్లు పంపగలదు. అసలు ఫైళ్లకు బదులు నకళ్ల మీద పని చేయించండి. ప్రతి మార్పుకు ముందు గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలను గుర్తుంచుకునే పనిముట్టు) కమిట్ చేయండి, అంటే అప్పటి రూపాన్ని భద్రపరచండి. తొలగించే, పేరు మార్చే, పంపే ప్రతి స్క్రిప్ట్‌కూ "ఏం చేస్తావో చూపించు, చేయకు" అనే రీతి ఒకటి ఉండాలి.

పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ఇతర సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) కోడ్‌లో ఉండకూడదు. పొరపాటున, కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్‌లోకి వెళ్లిన కీని తర్వాతి కమిట్‌లో చెరిపేసినా చరిత్రలో మిగిలే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం. ఏఐ సూచించిన ప్యాకేజీని (ఇతరులు రాసిపెట్టిన సిద్ధమైన కోడ్) కూడా ఇన్‌స్టాల్ చేసే ముందు వెతికి చూడండి. 16 మోడళ్లను పరీక్షించిన ఒక అధ్యయనంలో, సూచించిన ప్యాకేజీల్లో వాణిజ్య మోడళ్లలో సుమారు 5 శాతం, ఓపెన్ సోర్స్ మోడళ్లలో సుమారు 22 శాతం అసలు లేనివే. అలాంటి పేర్లతో హానికరమైన ప్యాకేజీ పెట్టడం దుండగులకు కష్టం కాదు.

మెయిళ్లు చదివి జవాబిచ్చే ఆటోమేషన్ అందరూ కోరుకునేదే, కానీ నేను అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండేది దాని దగ్గరే. మెయిల్లోనే ఎవరైనా ఏఐకి ఆదేశం రాసి పంపవచ్చు. "ప్రాంప్ట్ ఇంజెక్షన్" అనే ఈ దాడికి 2022లో ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ ఆ పేరు పెట్టారు. సొంత సమాచారం చూసే వీలు, బయటివాళ్లు రాసినది చదివే వీలు, బయటికి పంపే వీలు, ఈ మూడూ ఒకే ఏజెంట్‌కు ఉండకూడదని ఆయన 2025లో హెచ్చరించారు. కాబట్టి జవాబును డ్రాఫ్ట్‌గా పెట్టనివ్వండి, పంపే మీట మీ చేతిలోనే ఉంచుకోండి.

అపోహ: ఒకసారి పెట్టేస్తే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: చూడాలి. నిర్ణీత సమయానికి ప్రోగ్రాములు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో షెడ్యూలు పెడితే సమయాన్ని యూటీసీలో (మన సమయానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) లెక్కిస్తుంది, విడిగా చెప్పకపోతే. పబ్లిక్ రిపాజిటరీలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్) 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఆ షెడ్యూలు ఆగిపోతుంది. గూగుల్ ఖాతాతో అనుసంధానించిన యాప్ "టెస్టింగ్" దశలోనే ఉంటే సాధారణంగా దాని అనుమతి 7 రోజుల్లో చెల్లిపోతుంది. ఇలాంటివి కోడ్ చదివితే కనిపించవు. విఫలమైతే సందేశం పంపమని అందరూ రాయిస్తారు, కానీ ప్రోగ్రాము అసలు మొదలే కాకపోతే ఆ సందేశం కూడా రాదు. అందుకే విజయవంతమైనా ఒక చిన్న సందేశం రావాలి, అది రాని రోజున వెళ్లి చూడాలి.

అపోహ: సైడ్ ప్రాజెక్టు అంటే ఎప్పటికైనా అమ్ముకోగలిగే యాప్ కావాలి.

వాస్తవం: ఒక్కరే వాడే ప్రోగ్రాము కూడా పూర్తి స్థాయి ప్రాజెక్టే. దానికి లాగిన్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, ఒక స్క్రిప్టు, ఒక ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) ఫైలు చాలు. రోజూ అరగంట మిగిల్చే అలాంటి పనిముట్టును చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

నలుగురికి ఇవ్వాలనుకున్నప్పుడు లెక్క మారుతుంది. ఒకరి వివరాలు మరొకరికి కనబడకూడదు. వెబ్ యాప్‌ల భద్రతా లోపాల మీద ఓవాస్ప్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం ఈ అనుమతుల లోపానిదే. లాగిన్ పేజీ అందంగా ఉన్నంత మాత్రాన వెనక ఈ తనిఖీ ఉన్నట్టు కాదు. మీ యాప్‌లోనే రెండు ఖాతాలు తెరవండి. మొదటి ఖాతాలో ఉండి, వెబ్ చిరునామాలోని సంఖ్యను మార్చి రెండో ఖాతా వివరాలు తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకుంటే యాప్‌ను ఎవరికీ ఇవ్వకుండా ఆపి, అనుభవమున్న డెవలపర్‌కు చూపించండి.