పిల్లలకు కోవిడ్ ఏమీ చేయదన్నారు

కోవిడ్ వచ్చిన కొత్తలో తల్లిదండ్రులకు దక్కిన ఊరట ఒక్కటే: పిల్లలకు ఇది పెద్దగా ఏమీ చేయదట. అందులో అబద్ధమేమీ లేదు. ఆస్పత్రి పాలైన పిల్లలు పెద్దలతో పోలిస్తే చాలా తక్కువ. జ్వరం తగ్గాక వాళ్ల సంగతేమిటన్నది మాత్రం అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు.

కోవిడ్ తగ్గాక కూడా లక్షణాలు నెలల తరబడి వదలకపోవడాన్ని 'లాంగ్ కోవిడ్' అంటున్నాం. ఈ పేరు కూడా డాక్టర్లు పెట్టింది కాదు. 2020 మేలో ఇటలీకి చెందిన పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరేగో తన బాధ చెప్పుకుంటూ ట్విట్టర్‌లో వాడిన మాట అది. ఆ నవంబరులో స్వీడన్ పిల్లల డాక్టర్ యోనాస్ లుడ్విగ్‌సన్ ఐదుగురు పిల్లల కేసులు ప్రచురించారు. నీరసం, ఆయాసం, గుండెదడ. ఆరు నుంచి ఎనిమిది నెలలైనా ఒక్కరూ మునుపటిలా స్కూలుకు వెళ్లలేకపోయారు.

వైరస్ పోయాక నీరసం నెలల తరబడి వేధించడం వైద్యానికి కొత్త కాదు. దాన్ని కొట్టిపారేయడమూ కొత్త కాదు. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రి సిబ్బంది అంతుపట్టని జబ్బుతో మంచాన పడితే, 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు పాత కేసు రికార్డులు తిరగేసి అది 'మాస్ హిస్టీరియా' అనేశారు. లాంగ్ కోవిడ్ పిల్లల్లో చాలామంది విన్నదీ అదే పాట: టెన్షన్, బడి ఎగ్గొట్టే వేషాలు.

లెక్కల గొడవ 2021లో మొదలైంది. రోమ్‌లో 129 మంది పిల్లలను పరిశీలిస్తే సగానికి పైగా ఏదో ఒక లక్షణం మిగిలే ఉందని తేలింది. అయితే కోవిడ్ రాని పిల్లలతో పోల్చి చూడలేదు. ఆ పోలిక ఇంగ్లండ్‌లో 'క్లాక్' అధ్యయనం చేసింది. పరీక్ష చేయించుకున్న మూడు నెలలకు, పాజిటివ్ వచ్చిన 11-17 ఏళ్లవాళ్లలో 66.5 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది ఉంది. నెగటివ్ వచ్చినవాళ్లలోనూ 53.3 శాతం మందికి ఉంది! 'చూశారా, ఇదంతా లాక్‌డౌన్ ప్రభావమే' అని కొందరన్నారు. అదే అధ్యయనంలో మూడు, అంతకు మించి లక్షణాలున్నవాళ్లు పాజిటివ్ వచ్చినవాళ్లలో 30.3 శాతం, నెగటివ్ వచ్చినవాళ్లలో 16.2 శాతం. దాదాపు రెట్టింపు తేడా. దీన్ని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

నా దృష్టిలో అసలు నష్టం ఈ శాతాల గొడవ వెనకే ఉండిపోయింది. పిల్లవాడు సోమవారం స్కూలుకెళ్లి, ఆడుకుని, హుషారుగా ఇంటికొస్తాడు. బుధవారానికి మంచం దిగలేడు. శ్రమ పడిన ఒకటి రెండు రోజులకు కుప్పకూలడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. హుషారుగా ఉన్న రోజు చూసిన టీచర్‌కు అది నాటకంలా అనిపిస్తుంది. రక్తపరీక్షలు, ఎక్స్‌రే నార్మల్. పడుకోబెట్టి తీస్తే ఈసీజీ కూడా నార్మలే. అదే పిల్లవాణ్ని పది నిమిషాలు నిలబెట్టి నాడి చూస్తే కథ మారొచ్చు: టీనేజీవాళ్లలో పడుకున్నప్పటి కంటే నిమిషానికి 40, అంతకు మించి పెరిగి అలాగే ఉంటే, నిలబడితే తల తిరగడం వంటి ఇబ్బందులూ కొనసాగుతుంటే, 'పాట్స్' అనే సమస్యను అనుమానించాలి. లాంగ్ కోవిడ్ ఉన్న కొందరిలో ఇది బయటపడింది.

పెద్దలకు 2021 అక్టోబరులో నిర్వచనం ఇచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, పిల్లలకు 2023 ఫిబ్రవరిలో గానీ ఇవ్వలేదు: కోవిడ్ సోకిన మూడు నెలల్లోపు మొదలై, కనీసం రెండు నెలలు ఉండే లక్షణాలు. అమెరికా 'రికవర్' పరిశోధన 2024లో వయసుల వారీ తేడాలు చూపింది. 6-11 ఏళ్లవాళ్లలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గడం, కడుపునొప్పి, నిద్ర సమస్యలు ముందుకొచ్చాయి. టీనేజీలో నీరసం, ఒళ్లునొప్పులు, వాసన తెలియకపోవడం. 2025లో ఆరేళ్లలోపు వాళ్ల వంతు వచ్చింది. నోరు తిరగని వయసు కాబట్టి తిండి సహించకపోవడం, నిద్రపట్టకపోవడం, వదలని దగ్గు లాంటివి తల్లిదండ్రులు కనిపెట్టి చెప్పాల్సి వచ్చింది.

ఈ జబ్బును తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే సగం పూట బడి, పీటీ పీరియడ్ మినహాయింపు, పరీక్షలో అదనపు సమయం అడగాలంటే తల్లిదండ్రుల చేతిలో ఉండేది పిల్లల రోజువారీ డైరీ, నమ్మిన డాక్టర్ ఇచ్చిన చీటీ.