డొమైన్-డ్రివెన్ డిజైన్: అపోహలు – వాస్తవాలు (చీటీల లెక్కలతో సహా)

నేను చిట్‌ఫండ్ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ రాస్తాను. డొమైన్-డ్రివెన్ డిజైన్ (డీడీడీ) అంటే వ్యాపారం నిజంగా ఎలా నడుస్తుందో తెలుసుకుని, కోడ్‌లో దాని నమూనాని (మోడల్) అలాగే కట్టడం. డీడీడీ వచ్చు అనేవాళ్లని ఏం చేశారో చెప్పమంటే చాలామంది ఫోల్డర్ల పేర్లు చెప్తారు. అందుకే ఇది రాస్తున్నా. ఉదాహరణలన్నీ చీటీల నుంచే తీసుకుంటున్నా, మన ఇళ్లలో ఎవరో ఒకరు చీటీ వేసే ఉంటారు కాబట్టి.

అపోహ: ఎంటిటీ, వాల్యూ ఆబ్జెక్ట్, రిపాజిటరీ అని ఫోల్డర్లు పెడితే డీడీడీ అయిపోయినట్టే.

కాదు. ఎంటిటీ అంటే వివరాలు మారినా తన గుర్తింపు మారనిది, వాల్యూ ఆబ్జెక్ట్ అంటే డబ్బు మొత్తంలా విలువ మాత్రమే ముఖ్యమైనది, రిపాజిటరీ అంటే వాటిని దాచి తిరిగి తెచ్చిచ్చే కోడ్. ఆ ఫోల్డర్లన్నీ ఉండి కూడా లోపల మోడల్ తప్పుగా ఉండొచ్చు, ఎక్కువగా జరిగేదీ అదే. మామూలుగా మొదట సభ్యుల టేబుల్ ఒకటి పెట్టి, అందులో ‘పాడుకున్నారా’ అని అవును-కాదు కాలమ్ పెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ బ్రాంచిలో కౌంటర్ పక్కన కాసేపు కూర్చుంటే "ఆయన ఇదే గ్రూపులో రెండు చీటీలు వేశారండీ, ఒకటి పాడేసుకున్నారు, రెండోది చివరిదాకా ఉంచుతానంటున్నారు" అనే మాట వినబడుతుంది. అంటే పాట అయిపోయింది టికెట్‌కి (గ్రూపులో ఒక చీటీ వాటాకి), మనిషికి కాదు. పైగా పాట పాడని సభ్యుడు వాయిదాలు ఎగ్గొడితే అతన్ని తీసేసి ఆ స్థానంలో ఇంకొకర్ని చేర్చుకోవడానికి 1982 చిట్‌ఫండ్స్ చట్టం ఫోర్‌మన్‌కి, అంటే చీటీ నడిపేవారికి, వీలిస్తుంది. మనిషి మారతాడు, టికెట్ అలాగే నడుస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక టికెట్ ఎంటిటీ అవుతుంది, సభ్యుడు ప్రస్తుతానికి దాని హక్కుదారు మాత్రమే. బకాయి, ష్యూరిటీలు, డివిడెండ్ ఎక్కడ పెట్టాలో ఇక పెద్దగా తర్జనభర్జన ఉండదు. ఫోల్డర్‌కి ఏ పేరైనా పెట్టుకోండి.

అపోహ: కంపెనీ మొత్తానికి ఒకే మోడల్ ఉండాలి.

2003లో ఎరిక్ ఎవాన్స్ ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చినప్పుడే మోడల్‌కి హద్దు ఉండాలన్నారు, బౌండెడ్ కాంటెక్స్ట్ అంటే అదే. పాట నిర్వహించేవాళ్లకి టికెట్ గురించి కావాల్సింది ఈ నెల పాడే అర్హత ఉందా లేదా అన్నదే. కలెక్షన్ ఏజెంటుకి ఎంత రావాలి, ఏ వీధికి వెళ్లాలి, ఏ తారీఖున రమ్మన్నారు అన్నది కావాలి. లీగల్ వాళ్లు ష్యూరిటీలు ఎవరని అడుగుతారు. ఈ మూడింటినీ ఒకే క్లాసులో (ఒకే కోడ్ ముక్కలో) కుక్కితే ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని క్లాసు తయారవుతుంది.

అపోహ: డీడీడీ చేయాలంటే మైక్రోసర్వీసులు ఉండాల్సిందే.

మైక్రోసర్వీసులు అంటే ఒకే సాఫ్ట్‌వేర్‌ని విడివిడిగా నడిచే చిన్న సర్వీసులుగా విడగొట్టడం. ఆ మాట అందరి నోళ్లలో పడింది 2014 ప్రాంతంలో, డీడీడీ అంతకి పదేళ్ల ముందుది. అంతా ఒకే ప్రోగ్రాంగా నడుపుతూ, లోపలి భాగాల (మాడ్యూళ్ల) మధ్య హద్దులు గట్టిగా పెట్టుకుని హాయిగా చేయొచ్చు. హద్దులు తెలుసుకోకుండా సర్వీసులు విడగొడితే ఒక్క రసీదు కొట్టడానికి నాలుగు సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి, నెలాఖరులో టెన్షన్ మనకి.

అపోహ: అగ్రిగేట్ అంటే సంబంధం ఉన్నవన్నీ ఒకచోట చేర్చడం.

అగ్రిగేట్ అంటే ఒకే నియమానికి కట్టుబడి కలిసే మారాల్సిన వాటి గుంపు. అడగాల్సింది ఒకటే: ఏ నియమం ఒక్క క్షణం కూడా తప్పకూడదు? ఒక పాటకి ఒక్కరే విజేత, ఒక టికెట్ రెండుసార్లు గెలవకూడదు. కాబట్టి చీటీ గ్రూపే అగ్రిగేట్, టికెట్లు, పాటల ఫలితాలు దాని లోపల ఉంటాయి. రోజూ వచ్చే రసీదులు బయటే ఉండాలి, లేకపోతే రసీదు రాసిన ప్రతిసారీ గ్రూపంతా లోడ్ అవుతుంది.

అపోహ: డిజైన్ వేరు, టెస్టులు వేరు.

5 లక్షల చీటీ, 25 మంది, నెలకి 20,000. పాట లక్షకి ఖరారైంది అనుకుందాం. పాడుకున్నవారికి 4 లక్షలు. వదులుకున్న లక్షలోంచి, చీటీ మొత్తం 5 లక్షల మీద 5 శాతం ఫోర్‌మన్ కమిషన్ కింద 25,000 పోతే 75,000 మిగులుతుంది, తలా 3,000 డివిడెండ్, కట్టాల్సింది 17,000. ఈ లెక్కని టెస్టుగా (కోడ్ సరిగ్గా లెక్కిస్తుందో తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాంగా) రాసి, దాన్నే బ్రాంచి మేనేజరుకి చూపించండి. "గడువులోగా కట్టనివాళ్లకి మా ఒప్పందం ప్రకారం డివిడెండ్ ఉండదండీ, అది ఎక్కడ రాశారు?" అంటారు. డివిడెండ్ సమంగా భాగం కాకపోతే మిగిలే పైసలు ఎవరి ఖాతాలోకి వెళ్లాలో కూడా వాళ్లే చెప్పాలి, రౌండింగ్ ఫంక్షన్ కాదు.

కమిషన్ సంగతి ఇంకా ముఖ్యం. 2019 సవరణతో ఫోర్‌మన్ కమిషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. కోడ్‌లో 5 అని ఒక కాన్‌స్టంట్ (అన్ని గ్రూపులకీ ఒకే స్థిర విలువ) పెట్టుకుని దాన్ని 7 చేసేస్తే, 5 శాతానికి సంతకాలు అయిపోయి ఇంకా నడుస్తున్న గ్రూపుల లెక్కలన్నీ తప్పుతాయి. ఆ శాతం ఆ గ్రూపు ఒప్పందానిది. దాన్ని ఒప్పందంతో పాటే దాచాలి, ప్రతి డివిడెండ్ లెక్కా అక్కడి నుంచే తీసుకోవాలి.

అపోహ: మొదలుపెడితే అన్నిచోట్లా చేయాలి.

అక్కర్లేదు. బ్రాంచిల జాబితాకి ఒక టేబుల్, ఒక ఫారం చాలు. లాగిన్, ఎస్‌ఎంఎస్, జీతాల లెక్కలు బయట దొరుకుతాయి, కొనుక్కోండి. పాట, డివిడెండ్, బకాయి, ఈ మూడింటి దగ్గరే మీ టీంలో బాగా ఆలోచించేవాళ్లని కూర్చోబెట్టండి, పక్కన కౌంటర్‌లో పనిచేసే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి.