1184 దగ్గర ఎవరూ ఆగలేదు

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "అంకెలకు కూడా ఫ్రెండ్స్ ఉంటారా?" అని అడిగారు. ఉంటారు. అయితే లెక్క నోటితో చెబితే ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోతుంది. అందుకే రాస్తున్నాను. పెన్సిల్ తీసుకోండి.

220ని శేషం లేకుండా భాగించేవన్నీ రాయండి, 220ని మాత్రం వదిలేసి: 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. కూడితే 284. ఇప్పుడు 284 సంగతి చూడండి: 1, 2, 4, 71, 142. కూడితే 220! వీటిని స్నేహ సంఖ్యలంటారు.

మొదటిసారి నేను చేసినప్పుడు 220ని కూడా కలిపేసుకున్నాను. 504 వచ్చింది. 284కీ అదే పొరపాటు చేస్తే మళ్లీ 504. కాసేపు బుర్ర గోక్కున్నాక తెలిసింది, 220, 284 కలిపితే 504 కదా! అప్పటినుంచి జతలను నేను ఇలాగే సరిచూసుకుంటాను.

9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో థాబిత్ ఇబ్న్ ఖుర్రా ఇలాంటి జతలు పట్టడానికి ఒక సూత్రం చెప్పాడు. 1636లో ఫ్రాన్స్‌లో ఫెర్మా 17296, 18416 జతను చూపించాడు. రెండేళ్లకు దెకార్త్ 9363584, 9437056 దాకా వెళ్లాడు. ఆ తర్వాత ఆయిలర్ ఒక్కడే పదుల కొద్దీ జతలు పోగేశాడు. ఇంతా చేసి 1184, 1210 వీళ్లెవరి కంటా పడలేదు! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారు. 1866లో పగనీని అనే ఇటలీ కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. వాడికప్పుడు పదహారేళ్లు.

థాబిత్ సూత్రానికి ఈ జత చిక్కదు. ఆ సూత్రంతో వచ్చే జతల్లో 2తో ఎన్నిసార్లు భాగించవచ్చో ఆ లెక్క రెండు సంఖ్యలకూ ఒకటే. 1184ని 2తో అయిదుసార్లు భాగించవచ్చు, 1210ని ఒక్కసారే.

1ని కూడా వదిలేస్తే ఇంకో ఆట. 48కి 2, 3, 4, 6, 8, 12, 16, 24 కూడితే 75. 75కి 3, 5, 15, 25 కూడితే 48. వీటికి నిశ్చితార్థం అయిందంటారు, సరదాకి.

నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం ఇది. ఇందులో భాగించేవన్నీ తీసుకోం, జల్లెడ పట్టి కొన్నిటినే ఉంచుతాం. 126ని 9 × 14గా రాస్తే 9కీ 14కీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు, కాబట్టి రెండూ పనికొస్తాయి. 6 × 21గా రాస్తే రెండింట్లోనూ 3 ఉంది, కాబట్టి రెండూ అవుట్. ఇలా వడకడితే మిగిలేవి 1, 2, 7, 9, 14, 18, 63. మొత్తం 114. ఇక 114కి 1, 2, 3, 6, 19, 38, 57, ఒక్కటీ పోదు. మొత్తం 126. మామూలు పద్ధతిలో 126కి 114తో స్నేహం కుదరదు, జల్లెడ పడితేనే కుదిరింది.

140, 195 స్నేహితులా, నిశ్చితార్థమైనవాళ్లా? కాలిక్యులేటర్ ముట్టకుండా చేసి, కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. కొట్టివేతలు ఉన్నా సరే, ఫెయిర్ కాపీ వద్దు.

మీ తాతయ్య