బందరు ఎరుపు వెనక కథ

పెడనలో అద్దే మచిలీపట్నం కలంకారీకి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకేనని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, ఉంది. అయినా కలంకారీ పేరుతో అమ్ముడుపోయే చీరల్లో చాలావాటికి చెక్క అచ్చు తగల్లేదు, అవి కరక్కాయ నీళ్లలో మునగలేదు. స్క్రీన్ ప్రింట్ వేసి అమ్మేస్తున్నారు. దీన్ని ఈనాటి ధరల పోటీగానే చూస్తే సగం కథే తెలుస్తుంది. ఈ గుడ్డకు నకళ్లు తీయడం మూడు వందల ఏళ్ల నాటి మాట. అప్పుడు ఆ పని చేసింది యూరప్.

డచ్చివాళ్లు 1605లో బందరు రేవుకు వచ్చారు, ఇంగ్లిషువాళ్లు 1611లో. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడి అది. అప్పటికే ఇక్కడి ఓడలు బర్మాలోని పెగూ, సుమత్రాలోని ఆచే, పర్షియా రేవులకు తిరుగుతున్నాయి. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ జుమ్లా ఇక్కడ వ్యాపారం చేసి, గోల్కొండ మంత్రి దాకా ఎదిగాడు. 'కలం', 'కారీ' అన్న మాటలు కూడా పారశీకం నుంచి వచ్చినవే. తెల్లవాళ్లు వచ్చి మనల్ని ప్రపంచంతో కలిపారని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు అప్పటికే నడుస్తున్న బజారులోకి వచ్చారు.

మొదట్లో వాళ్లకు ఈ గుడ్డ కావలసింది యూరప్ కోసం కాదు. జాజికాయ, లవంగం పండే మలుకు దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) జనం కోరమండల్, అంటే మన తూర్పు తీరపు, బట్టలు అడిగేవారు. ఈ తీరం మలుకు దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో రాశాడు. ఆ బట్ట కొనడానికి డబ్బు ఎక్కడిది? దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండల వెండి, జపాన్ గనుల వెండి. అదే తీరపు బట్ట ఆఫ్రికా పడమటి ఒడ్డున మనుషుల్ని కొనడానికీ వాడారు. మన నేతగాళ్ల చేతిపని బానిసల వెలగా మారిందని తెలిసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. దాన్ని దాచి ఈ చరిత్ర చెప్పకూడదు.

ఇంతకీ ఈ గుడ్డలో అంత గొప్ప ఏముంది? ఉతికినా పోని రంగు. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పటిక నీళ్లతో బొమ్మ వేసి, చిరివేరు అనే ఎర్ర రంగునిచ్చే మొక్క వేరుతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన రంగు పారే నీళ్లలో, ఎండలో పోతుంది. నలుపుకు ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన కసిం. గవ్వలు కలిసిన ఇసుక నేలలో పెరిగిన చిరివేరుకు మంచి ఎరుపు వస్తుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర అలాంటి నేలలున్నాయి. నూలు గుడ్డ మీద ఇలా నిలిచే రంగుల బొమ్మలు వేయడం అప్పటికి యూరప్‌కు చేతకాలేదు.

పదిహేడో శతాబ్దం చివరికల్లా పారిస్, లండన్ ఈ బట్టల మీద మోజుపడ్డాయి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. నిషేధం వల్ల మోజు తగ్గలేదు, రహస్యం కోసం వెతుకులాట పెరిగింది. కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరీ ఈ తీరంలో మతం మారిన అద్దకం పనివాళ్లను అడిగి, పని మొత్తం తెలుసుకుని, 1742లో ఉత్తరం రాసి ఫ్రాన్స్‌కు పంపాడు. ఏ ముంపు తర్వాత ఏ ముంపో అన్నీ అందులో ఉన్నాయి. తాతల నాటి విద్య ఒక ఉత్తరంలో ఓడెక్కింది. ఫ్రాన్స్ 1759లో, ఇంగ్లండ్ 1774లో నిషేధాలు ఎత్తేశాయి. ఆ తర్వాత యంత్రాల మీద అచ్చేసిన మిల్లు బట్ట మన రేవులకే దిగుమతి అయింది.

చివరి దెబ్బ చిరివేరు మీదే పడింది. ఆ వేరులో ఎరుపునిచ్చేది అలిజరిన్ అనే పదార్థం. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ల్యాబ్‌లో తయారు చేశారు. ఇప్పుడు పెడనలో కూడా చిరివేరు అరుదు, ఇలా తయారు చేసిన అలిజరిన్ మామూలు. అందుకే 'అసలు కలంకారీ' ఏదన్న చర్చ రంగు దగ్గర తెగదు. కరక్కాయలో నానబెట్టి, చేత్తో అచ్చు కొట్టి, రాగి డేగిశాలో ఉడికించి, కాలవలో ఉతికే పని జరిగిందా లేదా అన్నది కొనేవాళ్లకు తెలియాలి. ఒక్కో చీరకు ఆ పని రోజుల తరబడి పడుతుంది. స్క్రీన్ ప్రింట్‌తో ఒక్క పూటలో బోలెడు చీరలు దిగుతాయి.