లీసా: బంగారు ఘనాన్ని ఏదీ తాకకూడదు

అతిభారీ కృష్ణబిలాలు రెండు కలిసిపోయే ముందు ఒకదాని చుట్టూ ఒకటి చాలా నెమ్మదిగా తిరుగుతాయి. వాటి గురుత్వ తరంగం (దూరాలనే సాగదీసి కుదించే అల) ఒక్కసారి ఎగిసి పడటానికి నిమిషాలు, గంటలు పడుతుంది. నేల మీది పరికరాలు దాన్ని పట్టలేవు, నేల అదురే మింగేస్తుంది. అందుకే ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో లీసాకు, అంటే ఈ తరంగాలను అంతరిక్షం నుంచి పట్టే ప్రాజెక్టుకు, ఆమోదం తెలిపింది. 2035లో ఏరియన్ 6 రాకెట్ మీద మూడు వ్యోమనౌకలు వెళ్లి, 25 లక్షల కిలోమీటర్ల భుజాలున్న త్రిభుజంగా సూర్యుడి చుట్టూ తిరగాలి. తరంగం దాటినప్పుడు ఆ భుజాల్లో వచ్చే తేడా మీటరులో లక్ష కోట్లవ వంతు లెక్కలో ఉంటుంది.

కొలిచేది లేజర్. రెండు వాట్ల కాంతి 8 సెకన్లలో అవతలి నౌకను చేరేసరికి కిలోమీటర్ల మేర విచ్చుకుపోతుంది. అద్దంతో తిప్పి పంపితే ఏమీ మిగలదు. కాబట్టి అవతలి నౌక తన సొంత లేజర్‌ను వచ్చిన కాంతి లయకు జతచేసి కొత్త కిరణం పంపుతుంది.

అసలు కష్టం వేరే ఉంది. నౌకను సూర్యకాంతి ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది కాబట్టి దాని నుంచి కొలవలేం. కొలత ఘనాల మధ్యే: ఒక్కో నౌకలో రెండేసి లోహపు ఘనాలు దేనికీ తగలకుండా తేలుతుంటాయి. భుజం 46 మిల్లీమీటర్లు, బరువు రెండు కిలోల లోపు. 73 శాతం బంగారం, 27 శాతం ప్లాటినం: అయస్కాంతం ఒకదాన్ని నెడుతుంది, రెండోదాన్ని లాగుతుంది, ఈ పాళ్లలో రెండూ దాదాపు రద్దవుతాయి. చుట్టూ ఉన్న ఎలక్ట్రోడ్లు ఖాళీని కొలుస్తుంటే, చిన్న థ్రస్టర్లు (నౌకను నెట్టే ఇంజన్లు) నౌకనే ఘనం వెంట నడిపిస్తాయి.

విశ్వకిరణాలు ఘనంలో విద్యుదావేశాన్ని పోగుచేస్తాయి. తీగతో ఎర్తింగ్ ఇవ్వలేం కదా, అందుకని అతినీలలోహిత కాంతి పడేసి ఆవేశాన్ని దించుతారు. మిగిలిపోయిన వాయువు అణువులు తగిలినా రొదే, అది తగ్గాలని 2015 డిసెంబరు 3న వెళ్లిన ప్రయోగాత్మక నౌక లీసా పాత్‌ఫైండర్‌లో ఘనాల గదిని బయటి శూన్యంలోకి తెరిచారు. నౌక సొంత గురుత్వం కూడా లాగుతుంది, దాన్ని సరితూచే బరువులు అమర్చాలి.

పాత్‌ఫైండర్ ఇదంతా సాధ్యమేనని తేల్చింది. 38 సెంటీమీటర్ల ఎడంలో ఉంచిన రెండు ఘనాల నిశ్చలత, అడిగిన దానికన్నా అయిదు రెట్లు మెరుగ్గా వచ్చింది. ఇబ్బంది పెట్టింది విడుదల ఘట్టం. రాకెట్ కుదుపులకు చెదరకుండా ఘనాన్ని గట్టిగా బిగించి, కక్ష్యలో మెల్లగా వదలాలి. అక్కడ ఘనాలు అనుకున్న దానికన్నా వేగంగా కదిలాయి. లీసాలో ఆరు ఘనాలనూ అలాగే వదలాలి, మరమ్మతుకు ఎవరూ వెళ్లలేని చోట.